బతికున్న ఇసుక

ఇసుక గురించి ఆయనకి ఒకరు చెప్పాల్సిన పని లేదు. ముప్ఫై నాలుగేళ్ళు తాపీ పట్టిన మేస్త్రీ. ఇసుక లారీ వచ్చి ఆగిందంటే ముందు గుప్పెడు తీసి అరచేతిలో నలిపేవాడు. తర్వాత చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. ఆ తర్వాత, చూసేవాళ్ళ ఒళ్ళు జలదరించేలా, చిటికెడు నాలుక మీద వేసుకునేవాడు. "మట్టి ఉంది, వెనక్కి తోలు" అన్నాడంటే లారీ డ్రైవరు బతిమాలినా, ఇంటి యజమాని గగ్గోలు పెట్టినా లాభం లేదు. రెండుసార్లు జల్లెడ పట్టి, కడిగి ఆరబెట్టిన ఇసుక తప్ప గోడకి తాకనిచ్చేవాడు కాదు. అందులో ఒక్క చీమ కనబడినా ఆయన ముఖం మాడిపోయేది.

"నన్ను చేసుకోకముందే ఈయనకి ఇసుకతో పెళ్ళయిపోయింది. నేను రెండోదాన్ని" అని ఆయన భార్య, కుట్టుమిషను తొక్కుతూనే, బట్టలివ్వడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది.

యాభై ఆరో ఏట పరంజా మీద కాలు జారింది. పడింది ఆరడుగుల ఎత్తు నుంచే గానీ, మోకాలు మాత్రం ఆరంతస్తుల మీంచి పడ్డట్టు వాచింది. ఇక నిచ్చెన ఎక్కితే నా దగ్గరికి రావద్దని ఎముకల డాక్టరు తెగేసి చెప్పాడు. రెండు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నాడన్నది పేరుకే. చేతికర్ర పట్టుకుని గదిగదీ తిరుగుతూ, వేలి కణుపులతో గోడల్ని కొట్టి చూసి, "ఇది బోలు. ఇదీ బోలే. ఏ దరిద్రుడు కట్టాడో" అనేవాడు.

"కట్టింది మీరే" అనేది భార్య.

"అప్పటికి నాకింకా పని రాదు" అనేవాడు.

పక్కవాటా వాళ్ళ గోడల దాకా వెళ్ళేసరికి ఆవిడకి ఓపిక అయిపోయింది. సరిగ్గా అప్పుడే పళ్ళ డాక్టరమ్మ దగ్గర్నుంచి కబురొచ్చింది.

ఆ క్లినిక్‌కి నేల టైల్స్ వేసింది మేస్త్రీ శిష్యులే. పేషెంట్లు కూర్చునే గదిలో ఆవిడ ఆరడుగుల గాజుతొట్టి పెట్టించింది. మామూలు చేపల తొట్టి కాదు. ఉప్పునీళ్ళు, రాళ్ళు, ఆ రాళ్ళ మీద పెరిగే పగడాలు, మొత్తం సముద్రంలోంచి ఒక ముక్క కోసి తెచ్చి పెట్టినట్టుంటుంది. అందులో నీళ్ళు ఒకవైపు వేలెడు ఎత్తుగా కనబడుతున్నాయట. "మీవాళ్ళు నేల వంకరగా వేశారు మేస్త్రీ గారూ" అంది ఫోన్లో. అంతకన్నా పెద్ద తిట్టు ఆయనకి తెలియదు. రసమట్టం చంకన పెట్టుకుని, కుంటుకుంటూ వెళ్ళాడు. నేల నిక్షేపంలా ఉంది. స్టాండు కాలు ఒకటి పొట్టిది. దాన్ని సరిచేసి లేవబోతూ తొట్టిలోకి చూసి, లేవడం మర్చిపోయాడు.

పగడాలు అరచేతులు విప్పినట్టు ఊగుతున్నాయి. నారింజ, ఊదా, ఆకుపచ్చ, పేరు తెలియని రంగులు ఇంకో నాలుగు. ఆయన చూపు వాటన్నిటినీ దాటుకుని తిన్నగా అడుగుకి వెళ్ళి వాలింది. నాలుగంగుళాల మందాన ఇసుక. దాని మీద అక్కడక్కడ గోధుమరంగు మచ్చలు.

"పైన ఇంత అందం పెట్టుకుని, కింద ఇంత మురికి ఇసుకేంటమ్మా?" అన్నాడు.

తొట్టి పెట్టినవాడు ఊరు వదిలి వెళ్ళిపోయాడనీ, చూసుకునే మనిషి లేడనీ చెప్పింది డాక్టరమ్మ. "వారానికోసారి మీరు వస్తారా? నిచ్చెన ఎక్కే పని లేదు. స్టూలు మీద కూర్చుని చేసుకోవచ్చు."

మేస్త్రీ ఆ ఆదివారమే వెళ్ళి, ఇసుకంతా బయటికి తోడి, కుళాయి కింద ఏడు నీళ్ళు పోసి కడిగాడు. తిరిగి పోస్తే పంచదారలా మెరిసింది. డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. పదో రోజుకి ఆ పంచదార మీద టీ ఒలికినట్టు గోధుమరంగు జిగురు పట్టింది. పద్నాలుగో రోజున రెండు చేపలు వెల్లకిలా తేలాయి.

"వయసైపోయి ఉంటుందమ్మా" అన్నాడు మేస్త్రీ, ఎటో చూస్తూ.

కానీ మనసు ఊరుకోలేదు. గుప్పెడు ఇసుక పొట్లం కట్టుకుని ఉప్పునీటి చేపల కొట్టుకి వెళ్ళాడు. కొట్టు నడిపే ఆవిడ మోచేతుల దాకా తడిసి ఉంది. ఎప్పుడు చూసినా అలాగే ఉంటుందని ఆయనకి తర్వాత తెలిసింది. పొట్లం విప్పి వాసన చూసింది.

"దీన్నేం చేశావు?"

"కడిగాను."

"దేంతో?"

"కుళాయి నీళ్ళతో. ఏడుసార్లు" అన్నాడు కాస్త గర్వంగానే.

ఆవిడ బోర్లించిన బకెట్ మీద కూలబడింది. "చంపేశావు కదయ్యా!"

"రెండే చేపలమ్మా..."

"చేపల సంగతి కాదు. ఇసుకని చంపేశావు."

మేస్త్రీకి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. "ఇసుక చావడమేంటమ్మా? అదెప్పుడు పుట్టిందని?"

ఆవిడ రెక్క పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, ఒక భూతద్దం చేతిలో పెట్టి, తన తొట్టి గాజు పక్కన కూర్చోబెట్టింది. మొదట ఏమీ కనబడలేదు. కాసేపటికి ఇసుకలో దారాల్లాంటి సొరంగాలు కనబడ్డాయి. సొరంగాల్లో వెంట్రుకంత పురుగులు పాకుతున్నాయి. ఆవిడ చిటికెడు మేత వేసేసరికి, ఖాళీగా ఉందనుకున్న ఇసుకలోంచి పాతిక నత్తలు తొండాలు పైకెత్తి లేచాయి. మేస్త్రీ ఉలిక్కిపడి స్టూలు మీంచి జారబోయాడు.

"పై అంగుళంలో ఉండేవి ఇవి. చేపలు వదిలేసిన తిండీ పెంటా తిని పొడి చేస్తాయి. కింది మూడంగుళాల్లో కంటికి కనబడనివి ఉంటాయి. వాటికి గాలి గిట్టదు. గాలి తగలని చోటే బతికి, నీళ్ళలో పేరుకునే విషాన్ని విరిచేస్తాయి. నువ్వు అందర్నీ కలిపి కుళాయి కింద పెట్టావు."

మేస్త్రీ చాలాసేపు భూతద్దం దించలేదు. చివరికి, "అంటే వీళ్ళంతా కూలీలన్నమాట" అన్నాడు.

"ఆఁ. నువ్వు మేస్త్రీవి. వాళ్ళ పనికి అడ్డం పడకుండా ఉండటమే నీ పని."

ఆవిడ తన తొట్టిలోంచి ఒక కప్పు ఇసుక తీసిచ్చింది. పాలకి తోడు వేసినట్టు దాన్ని డాక్టరమ్మ తొట్టిలో వేసి, తోడుకుంటుందా లేదా అని మూడు నెలలు కాపలా కాశాడు. తోడుకుంది. ఆ మూడు నెలల్లో ఆయన ముప్ఫై నాలుగేళ్ళ చదువు తలకిందులైంది. వారానికి మూడో వంతు ఇసుక మీదే గొట్టం పెట్టి, పైపైన చెత్త లాగాలి. వేలి కణుపు లోతు దాటకూడదు. ఎక్కడైనా గుంట పడితే కొత్త ఇసుకని ఉప్పునీళ్ళతోనే కడిగి, లావుపాటి గొట్టంలోంచి మెల్లగా దింపాలి. పంపు మూతి అటూఇటూ తిప్పి, ఒక మూల దిబ్బ, ఇంకో మూల గొయ్యి రాకుండా చూసుకోవాలి. ఇంతా చేస్తే, తొట్టిలో ఉన్న ఒక పసుపుతల చేప నోటినిండా ఇసుక పట్టి, మొప్పల్లోంచి జల్లించి వదిలేది. ఆయన గంటలు గంటలు దానికేసి చూసేవాడు. "నేను జల్లెడ పట్టాననుకున్నాను గానీ, ఇదీ పనితనమంటే" అనేవాడు.

రెండేళ్ళు తిరిగేసరికి ఊళ్ళో ఉప్పునీటి తొట్టి ఉన్న ప్రతి చోటికీ ఆయన్నే పిలిచేవారు. ఇంటికొస్తే జేబుల్లో ఇసుక, చెప్పుల్లో ఇసుక, మాటల్లో పురుగులు. "రెండోదాన్ననుకున్నాను. ఇప్పుడు నా ముందు ఇంకా ఎంతమంది ఉన్నారో లెక్క తేలట్లేదు" అని భార్య మిషను దగ్గర కొత్తపాట అందుకుంది.

అంతా సజావుగా సాగుతుండగా డాక్టరమ్మ మామగారు దిగారు. ఆయన పారిశుద్ధ్య శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. కొడుకూ కోడలూ ఇంట్లో ఉండరు కాబట్టి, పొద్దున్నే పేపరు పట్టుకుని క్లినిక్‌కి వచ్చి, పేషెంట్ల మధ్య కూర్చునేవారు. ఫ్యాను రెక్కల మీద దుమ్ము, కిటికీ సందులో సాలెగూడు, ఎవరి బూటుకి బురద ఉందో, అన్నీ ఆయనకి కావాలి. రెండో రోజుకల్లా కళ్ళజోడు ముక్కు మీదికి లాక్కుని తొట్టి ముందు వంగారు.

"ఏమయ్యా మేస్త్రీ! ఇందులో పురుగులున్నాయి."

"ఉన్నాయి పెద్దయ్యగారూ. మీ దయవల్ల బాగా పెరిగాయి" అన్నాడు మేస్త్రీ సంతోషంగా.

"నా దయా? నా జీవితమంతా పురుగు కనబడిన చోటల్లా నోటీసు అంటించినవాణ్ణి! నా కోడలు జనం నోళ్ళు శుభ్రం చేస్తుంటే, నువ్వు బయటగదిలో పురుగుల్ని మేపుతావా?"

"అవి పురుగులు కావండీ, కూలీలు. ఆ ఇసుకని లోతుగా కదిపామా, కింద ఉన్న చెడుగాలంతా పైకొస్తుంది. కాస్త మరకుంటే ఉండనివ్వండి."

పెద్దయ్యగారు ఆ మాట వినలేదు. మరక అన్న ఒక్క మాటే విన్నారు.

తర్వాత నెల్లాళ్ళకి మేస్త్రీకి కింది దవడ పన్ను ఒకటి ఎదురు తిరిగింది. లవంగం, ఉప్పు, తిట్లు, ఏవీ పనిచేయలేదు. "పీకేయాల్సిందే" అంది డాక్టరమ్మ. మధ్యాహ్నం మూడింటికి భార్యని వెంటబెట్టుకుని వచ్చి కుర్చీలో పడుకున్నాడు. ఆవిడ బయట, చేతిలో ఏదో గౌనుకి అంచు కుట్టుకుంటూ కూర్చుంది. సాయంత్రం క్లినిక్‌ని ఫొటోలు తీయడానికి ఎవరో వస్తున్నారు. పెద్దయ్యగారికి ఆ సంగతి తెలుసు. మేస్త్రీ నోరు ఇంకో అరగంట మూతపడదనీ, మనిషి కుర్చీలోంచి లేచిరాలేడనీ కూడా తెలుసు. ఇంత మంచి అవకాశం మళ్ళీ రాదనుకున్నారు. వీపు గోక్కునే పొడవాటి చెక్క చెయ్యి ఒకటి ఇంటి నుంచి తెచ్చుకున్నారు. చొక్కా చేతులు మడిచి, స్టూలెక్కి, ఇసుకని ఈ చివర నుంచి ఆ చివరిదాకా, అడుగంటా కెలికారు.

నీళ్ళు కుడితిలా అయిపోయాయి. బుడగలు లేచాయి. దాంతోపాటు కుళ్ళిన కోడిగుడ్డు కంపు గదంతా కమ్మేసింది.

పళ్ళ డాక్టరు దగ్గరికి వచ్చినవాళ్ళు కాబట్టి, ఎవరి నోటి మీద వాళ్ళకే అనుమానం. ఒకాయన అరచెయ్యి అడ్డం పెట్టుకుని ఊది వాసన చూసుకున్నాడు. ఒకావిడ మొగుడికేసి చూసి కుర్చీ దూరం జరిపింది. మేస్త్రీ భార్య మాత్రం కుట్టు ఆపి, తొట్టికేసి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

లోపల అప్పుడే ఇంజెక్షన్ చేసి, బుగ్గలో దూది కుక్కారు. మేస్త్రీ ముక్కుపుటాలు అదిరాయి. మరుక్షణం కుర్చీలోంచి లేచి, మెడలో ప్లాస్టిక్ గుడ్డతో, మొద్దుబారిన మూతితో బయటికి ఉరికాడు. వెనకాల డాక్టరమ్మ.

"ఇహుహ! ఎవవు ఇహుహ హెలికావు?" అని అరిచాడు.

పెద్దయ్యగారు చెక్క చెయ్యి వీపు వెనక్కి పెట్టుకుని, "ఇంకా నొప్పిగా ఉందంటున్నాడమ్మాయ్. ఇంకో ఇంజెక్షన్ పొడువు" అన్నారు.

"ఇసుక ఎవరు కెలికారని అడుగుతున్నారండీ" అంది మేస్త్రీ భార్య. నోట్లో పెన్సిలు పెట్టుకుని మాట్లాడే మనిషితో ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన మనిషి. ఆయన ఏ మూతితో మాట్లాడినా ఆవిడకి తెలుగే.

చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. మేస్త్రీ రెండు చేతులూ ఎగరేస్తూ, "హాయి! హాయి!" అన్నాడు.

"ఇప్పుడు హాయిగా ఉందట" అన్నారు పెద్దయ్యగారు ఆశగా.

"గాలి అంటున్నారు. గాలి కొట్టే మర పెట్టాలి, కిటికీలు తీయాలి" అంది భార్య. అప్పటికే గౌను పక్కన పడేసింది. "ఏవండీ, తర్వాతేంటి?"

"హహెట్లు! ఉప్పు ఈయు! హేపల్ని హీయాయి!"

"బకెట్లు! లోపలిగదిలో ఆయన కలిపి ఉంచిన ఉప్పునీళ్ళ డబ్బాలున్నాయి. చేపల్ని అందులోకి తీయాలి. లేవండి బాబూ, ఇంకా వాసన చూసుకుంటారేంటి, అది మీ నోరు కాదు!"

ఆ చివరి మాటకి గదిలో అందరికీ ప్రాణం లేచొచ్చింది. కిటికీలు తెరిచారు. పంటి నొప్పితో మూలుగుతున్నాయన బకెట్లు మోశాడు. మొగుడికి దూరంగా జరిగినావిడ మళ్ళీ మొగుడి పక్కనే నిలబడి వల పట్టింది. మేస్త్రీ మొద్దు మూతిలోంచి చొంగ కారుతుంటే ఒక చేత్తో తుడుచుకుంటూ, రెండో చేత్తో బొగ్గు సంచి తీసి పంపు దగ్గర కట్టాడు. విషం పీల్చేది అదేనని అందరికీ సైగలతో చెప్పాడు. సైగలు కూడా భార్యే చదివి వినిపించింది.

పసుపుతల చేప ఒక్కటే దొరకలేదు. బురదనీళ్ళలో ఏ రాతి వెనక దూరిందో. డాక్టరమ్మ నుదుటికి దీపం కట్టుకుని, నోట్లో పెట్టి చూసే చిన్న అద్దాన్ని రాళ్ళ సందుల్లోకి దింపింది.

"ఇదిగో, కింది దవడ... కాదు, కింది రాయి, ఎడమవైపు చివర. బతికే ఉంది!"

సాయంత్రానికి నీళ్ళు తేరుకున్నాయి. చేపలన్నీ దక్కాయి. రెండు పగడాలు, దాదాపు నత్తలన్నీ పోయాయి. ఇసుక సంగతి చూసేవాళ్ళకి తెలియదు గానీ, మేస్త్రీ భూతద్దం పెట్టి చూసి, దాన్ని జేబులో పెట్టేసుకున్నాడు. పాతిక సొరంగాల్లో ఒక్కదాంట్లోనూ కదలిక లేదు. ఫొటోలు తీసే మనిషి వచ్చి, ఆ కంపుకి గుమ్మంలోంచే వెనక్కి తిరిగాడు. ఇంజెక్షన్ మత్తు దిగిపోయింది కాబట్టి పన్ను కోసం మళ్ళీ పొడిపించుకోవలసి వచ్చింది.

పెద్దయ్యగారు నాలుగు రోజులు క్లినిక్‌కి రాలేదు. ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడట్లేదని తెలిసి, ఐదో రోజు మధ్యాహ్నం మేస్త్రీయే డాక్టరమ్మ ఇంటికి వెళ్ళాడు. పెద్దాయన గుమ్మానికి వీపు పెట్టి, పేపరు తలకిందులుగా పట్టుకుని కూర్చున్నారు.

"తిట్టడానికొచ్చావా?"

"తిట్టే మొహమా నాది?" అన్నాడు మేస్త్రీ, దవడ పట్టుకునే. "మీరు చెక్క చేత్తో ఒక్కసారి కెలికారు. నేను మొదటి ఆదివారమే మొత్తం బయటికి తోడి, ఏడుసార్లు కడిగాను. రెండు చేపల్ని చంపాను. మీ కోడలుగారితో వయసైపోయి పోయాయని చెప్పాను."

పెద్దయ్యగారు నెమ్మదిగా పేపరు దించారు. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి ముఖంలో కళ వచ్చింది. "అబద్ధం చెప్పావా? ఇది నోటీసు ఇవ్వాల్సిన కేసు కదయ్యా!"

"ఇచ్చేయండి."

"అమ్మాయికి తెలుసా?"

"ఇప్పుడు తెలిసింది" అంది గుమ్మంలోంచి డాక్టరమ్మ. భోజనానికి వచ్చి, చెప్పులు విప్పుతూ అలాగే ఆగిపోయింది. మేస్త్రీ లేచి నిలబడ్డాడు. మామగారు కూడా ఎందుకో లేచి నిలబడ్డారు. ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "ఇద్దరూ ఒకే బళ్ళో చదువుకున్నారన్నమాట" అని, నవ్వు ఆపుకుంటూ వంటగదిలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు మేస్త్రీ చేపల కొట్టావిడ దగ్గరికి వెళ్ళి మళ్ళీ కప్పు ఇసుక అడిగాడు. ఈసారి వెంట పెద్దయ్యగారు వచ్చారు. "మళ్ళీ కడిగావా?" అందావిడ అనుమానంగా. పెద్దయ్యగారు గొంతు సవరించుకుని, "ఈసారి నేను" అన్నారు. ఆవిడ ఇద్దరికీ కలిపి చీవాట్లు పెట్టి, రెండు కప్పులు ఇచ్చింది.

అక్కణ్ణుంచి పెద్దయ్యగారి చేతిలో పేపరు పోయి, భూతద్దం వచ్చింది. మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నారనడం కన్నా, మేస్త్రీ పనిమీద ఇన్‌స్పెక్టరుగా చేరారనడం సబబు. గాజు మీద స్కెచ్ పెన్నుతో గీతలు గీసి, ఏ వారం ఎంత మేర చెత్త లాగాలో హద్దులు పెట్టారు. మేస్త్రీ గొట్టం గీత దాటితే చాలు, "ఆగు, ఆగు, అది వచ్చేవారం" అని గోల. ఎనభై మూడో రోజు పొద్దున్న మేస్త్రీ పళ్ళు తోముకుంటుండగా ఫోన్ మోగింది. భార్య ఎత్తి, విని, చెవికి దూరంగా పెట్టుకుంది.

"పెద్దయ్యగారు. పురుగులొచ్చాయట. మూడున్నాయట. ఏడుస్తున్నట్టున్నారు."

మేస్త్రీ నోటినిండా నురగతోనే వీధిలోకి నడిచాడు.

ఆ నెలలోనే కళ్ళ డాక్టరు ఆసుపత్రిలో కొత్త తొట్టి పెట్టారని పిలుపొచ్చింది. ఇద్దరూ కలిసే వెళ్ళారు. మేస్త్రీ స్టూలు వేసుకుని, కొత్త ఇసుకని ఉప్పునీళ్ళలో కలుపుతున్నాడు. అంతలో అక్కడి నర్సు వచ్చి, పక్క బకెట్లో తోడు కోసం తెచ్చిన పాత ఇసుక చూసి ముక్కు మూసుకుంది.

"ఇదేంటండీ, ఇందులో ఏవో పాకుతున్నాయి! పారబోయనా?"

"ఏమ్మా!" అన్నారు పెద్దయ్యగారు, అదిరిపోయేలా. "పారబోస్తావా? వీళ్ళెవరో తెలుసా నీకు? ఊరంతటికీ ఉన్న పారిశుద్ధ్య సిబ్బందిలో ఇంత బాగా పనిచేసేవాళ్ళని నా సర్వీసులో చూడలేదు. ఒక్క రోజు సెలవు పెట్టరు. ఇలా కూర్చో, చెబుతాను."

నర్సు కూర్చుంది. కళ్ళకి చుక్కల మందు వేయించుకుని, ఏమీ కనబడక గోడకి ఆనుకున్న పేషెంట్లు కూడా అటు చెవులు తిప్పారు.

"పెద్దయ్యగారూ, ఆ లావు గొట్టం ఇలా అందిస్తారా?" అన్నాడు మేస్త్రీ.

"పై అంగుళంలో ఉండేవాళ్ళు వేరు, కింద ఉండేవాళ్ళు వేరు..."

"గొట్టమండీ."

"కిందవాళ్ళకి గాలి గిట్టదు. అది నువ్వు బాగా గుర్తుపెట్టుకోవాలి."

మేస్త్రీ మూడోసారి అడగలేదు. మోకాలి మీద చెయ్యి వేసుకుని, మూలుగుతూ లేచి, గొట్టం తనే తెచ్చుకున్నాడు.